చలికాలపు దురదకు ఓట్స్: మిక్సీ జారు నుంచి స్నానాల గది దాకా

కార్తీకం దాటిందంటే చాలు, మా బాపు పిక్కల మీద తెల్లటి గీతలు మొదలవుతాయి. రాత్రి నిద్రలో గోళ్లతో గీరుకున్న గుర్తులవి. ఆ రోజుల్లో ఆయన చర్మం ఎంత పొడిబారుతుందంటే, వేలి కొనతో మెల్లగా గీసినా పలక మీద బలపం గీసినట్టు గీత పడుతుంది. మాది పరకాల వైపు పల్లె. కాగు నిండా నీళ్లు కాచుకుని, ఆ పొగలు కక్కే నీళ్లతో, సబ్బుతో ఒళ్లంతా గట్టిగా రుద్దుకుంటే తప్ప ఆయనకు స్నానం చేసినట్టు ఉండదు. మూడేళ్ల కిందట దురద భరించలేక హనుమకొండలోని మా ఇంటికి వచ్చినప్పుడు చర్మ వైద్యురాలికి చూపించాం. ఆమె మూడు మాటలు చెప్పారు: నీళ్ల వేడి తగ్గించాలి, చేతులకు కాళ్లకు సబ్బు మానాలి, ఓట్స్ ఉన్న లేపనం రాయాలి.

మూడో మాట నాకు కొత్త. ఓట్స్ అంటే ఉదయం పాలలో వేసుకుని తినేవని మాత్రమే తెలుసు. అప్పటి నుంచి దాని గురించి చదివి, ఇంట్లో చేసి చూసి, రెండుసార్లు పాడుచేసి, చివరికి కుదిరిన పద్ధతి ఇది. వరంగల్ నుంచి ఆదిలాబాద్ దాకా చలికాలంలో ఇదే బాధ పడే పెద్దవాళ్లు చాలా ఇళ్లలో ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఓట్స్‌లో చర్మానికి పనికొచ్చేది ఏమిటి

చర్మం పైపొరలోని కణాలను గోడలో ఇటుకలు అనుకుంటే, వాటి మధ్య సున్నంలా పట్టి ఉంచేవి కొవ్వులు. వాటిలో ముఖ్యమైనవి సెరమైడ్లు. వయసుతో ఆ కొవ్వులు తగ్గుతాయి, వేడి నీళ్లు, సబ్బు ఉన్నవాటిని కూడా కడిగేస్తాయి. అప్పుడు లోపలి తడి ఆవిరై పోతుంది, చర్మం బిగుసుకుంటుంది, దురద పుడుతుంది. ఆదిలాబాద్ వైపు ఉష్ణోగ్రత ఒక్క అంకెకు పడిపోయే రోజుల్లో గాలిలో తేమ కూడా తక్కువే కాబట్టి బాధ రెట్టింపు అవుతుంది.

ఓట్స్ గింజలో నూటికి అరవై పాళ్ల వరకు పిండి పదార్థమే. అది నీటిని పీల్చి పట్టుకుంటుంది. బీటా గ్లూకాన్ అనే పీచు ఒకటి ఉంది. ఓట్స్ ఉడికించిన గిన్నెలో వేళ్లకు జారుతూ తగిలే జిగురు చాలావరకు దానిదే. చర్మం మీద అది పలుచని పొరలా పరుచుకుని తడిని పోనివ్వదు. మిగతా ధాన్యాలతో పోలిస్తే ఓట్స్‌లో నూనె కూడా ఎక్కువ, అది పొడిబారిన పైపొరను మెత్తబరుస్తుంది. కుంకుడుకాయకు నురుగు ఇచ్చే సాపోనిన్ల జాతి పదార్థాలు ఓట్స్‌లోనూ కొద్దిగా ఉంటాయి. సబ్బు లేకపోయినా పైపై మురికి పోవడానికి కారణం అవే.

వీటన్నిటి కంటే నాకు ఆశ్చర్యం కలిగించినవి అవెనాంథ్రమైడ్లు. పలకడానికి కష్టమైన పేరే కానీ గుర్తుంచుకోదగ్గది. ఆహార ధాన్యాలలో ఓట్స్‌కే ప్రత్యేకమైన పదార్థాలివి. గింజలో ఉండేది అతి కొద్ది పాళ్లే అయినా, చర్మంలో ఎరుపును, మంటను రేపే సంకేతాలను తగ్గిస్తాయి, దురదను శాంతింపజేస్తాయి. మిగతా పిండ్లు చర్మాన్ని కప్పగలవేమో కానీ ఈ పని చేయలేవు.

ఇది వంటింటి నమ్మకంగా మిగిలిపోయిన విషయం కూడా కాదు. స్నానపు నీటిలో కలుపుకోవడానికి సిద్ధంగా ఉండే మెత్తని ఓట్స్ పొడి అమెరికా అంగళ్లలోకి 1945లోనే వచ్చింది. దానిని కొలాయిడల్ ఓట్‌మీల్ అంటారు. నీటిలో అడుక్కు దిగిపోకుండా తేలుతూ ఉండేంత సన్నగా విసిరిన పొడి అని అర్థం. 2003లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దానిని చర్మ రక్షక పదార్థాల జాబితాలో చేర్చింది.

మా చిన్నమ్మ అడిగింది, "జొన్నపిండితో కాదా బిడ్డా, ఇంట్లోనే ఉంది కదా" అని. న్యాయమైన ప్రశ్న. ఓట్స్ మన నేల పంట కాదు, ఉత్తరాదిన పశుగ్రాసంగా పండిస్తారు. జొన్న మనది, చవక. కానీ జొన్నలో ఆ జిగురు పీచు చాలా తక్కువ, అవెనాంథ్రమైడ్లు లేవు. జొన్న గటక కడుపుకు చేసే మేలు వేరు, ఇక్కడ కావలసింది వేరు.

కొనేటప్పుడు

ఏ రుచీ కలపని సాదా ఓట్స్ తీసుకోండి. పొట్లం వెనక పదార్థాల జాబితాలో ఓట్స్ అన్న ఒక్క మాటే ఉండాలి. మసాలా ఓట్స్, చక్కెర, పండ్ల ముక్కలు కలిపినవి ఒంటికి పనికిరావు, మసాలాలో కారం, ఉప్పు ఉంటాయి. రేకుల్లా ఒత్తినవి అయినా, త్వరగా ఉడికేవి అయినా ఫరవాలేదు. గింజను ముక్కలుగా కోసి అమ్మేవి మాత్రం మిక్సీకి అంత తేలిగ్గా లొంగవు.

పొడి చేయడం: అసలు మెలకువ ఇక్కడే

మొదటిసారి నేను రెండు తిప్పులు తిప్పి, రవ్వలా ఉన్న పొడిని బకెట్‌లో పోశాను. అది అడుక్కు దిగింది. పై నీళ్లు మామూలు నీళ్లలాగే ఉన్నాయి, అడుగున ముద్ద. ఆ ముద్ద తూములో ఇరుక్కుంది, నేల మీద జారింది. బాపు గోడ పట్టుకుని నిలదొక్కుకున్నారు కాబట్టి సరిపోయింది. అందుకే ఈ మెట్టు దగ్గర తొందరపడవద్దని బతిమాలుతున్నాను.

మిక్సీ జారు పూర్తిగా పొడిగా ఉండాలి. కారం, మసాలా పట్టే జారు వద్దు, ఎంత కడిగినా మూత రబ్బరులో కారం ఉండిపోతుంది. ఒక కప్పు ఓట్స్ వేసి, అర నిమిషం తిప్పి ఆపి, జారు వేడెక్కకుండా కాసేపు ఆగి, గోడలకు అంటిన పొడిని చెంచాతో దించి మళ్లీ తిప్పాలి. నాలుగైదు సార్లు ఇలా చేయాలి. తర్వాత పాత నూలు చీర ముక్కతో వస్త్రగాళితం పట్టాలి. పిండి జల్లెడ కన్నాలు దీనికి పెద్దవి. బట్ట పైన మిగిలిన రవ్వను మళ్లీ మిక్సీలో వేయవచ్చు, లేదా ఉప్మాలోకి వాడుకోవచ్చు. కిందికి దిగిన పొడి వేళ్ల మధ్య నలిపితే ముఖానికి రాసే పౌడరులా ఉండాలి, ఇసుక తగిలినట్టు అనిపించకూడదు.

ఇప్పుడు పరీక్ష. గాజు గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి ఒక చెంచా పొడి వేసి కలపండి. నీళ్లు పలుచని మజ్జిగలా తెల్లబడాలి. గ్లాసును కదపకుండా ఐదు నిమిషాలు పక్కన పెట్టండి. అప్పటికీ తెల్లగానే ఉండి, అడుగున సన్నటి పొర మాత్రమే కనిపిస్తే పొడి కుదిరినట్టు. పైన తేటపడి అడుగున మడ్డి కడితే మరోసారి తిప్పాల్సిందే. ఈ తెల్లని నీటిలో వేలు ముంచి బొటనవేలితో రాసి చూడండి, మామూలు నీళ్లకు లేని జారుడు తెలుస్తుంది. బాపు నమ్మింది ఆ జారుడు తగిలాకే.

పొడిని తడి లేని సీసాలో గట్టి మూత పెట్టి ఉంచండి. ఓట్స్‌లో నూనె ఉంది కాబట్టి పొడి చేశాక త్వరగా ముక్కిపోతుంది. నెలకు సరిపడా మాత్రమే చేసుకోండి. చేదు వాసన వచ్చినా, పురుగు కనిపించినా పారేయండి.

ముందు ఒక చిన్న చోట రాసి చూడాలి

అరుదుగా అయినా కొందరికి ఓట్స్ పడవు. పొడిని నీళ్లతో పేస్టులా కలిపి మోచేతి మడతలో రూపాయి బిళ్లంత మేర రాసి, పది నిమిషాల తర్వాత కడిగి, ఒక రోజు ఆగండి. దద్దు, ఎరుపు, దురద వస్తే ఆపేయండి. చిన్నప్పటి నుంచి ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి ఎర్రబడి దురదపెట్టే జబ్బు, ఉన్న పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వాళ్ల చర్మం పగిలి ఉంటుంది, ఆహార పదార్థాలు ఆ పగుళ్లలోంచి లోపలికి పోయి కొత్తగా అలర్జీని తెచ్చే అవకాశం ఉంది. రసి కారుతున్న చోట, పచ్చి పుండు మీద ఇంట్లో చేసిన పొడి వాడవద్దు. చంటిపిల్లలకు వైద్యులను అడగకుండా అసలు వద్దు.

బకెట్ స్నానం

విదేశీ వివరణల్లో తొట్టిలో నీళ్లు నింపి పావుగంట పడుకోమని రాస్తారు. మన ఇళ్లలో తొట్టెలు ఎక్కడివి? బకెట్, చెంబు. అందుకే లెక్క వేసి చూశాను. స్నానపు నీటిలో కొలాయిడల్ ఓట్‌మీల్ కనీసం 0.007 శాతం ఉండాలని అమెరికా నిబంధన. 20 లీటర్ల బకెట్‌కు లెక్క కడితే గ్రామున్నర కూడా కాదు. అయితే వాళ్ల లెక్క నీటిలో నానుతూ కూర్చునే పద్ధతికి, అదీ యంత్రాల మీద విసిరిన పొడికి. మనం చెంబుతో పోసుకుంటాం, మన పొడి అంత సన్నగా రాదు. అందుకని నేను బకెట్‌కు మూడు పెద్ద చెంచాలు వాడతాను. అంతకు మించి వేస్తే జిగురు పెరిగి నేల జారుతుంది తప్ప ఉపయోగం లేదు.

పొడిని పలుచని నూలు గుడ్డలో మూట కట్టి, ముందు ఒక చెంబు గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు నాననివ్వండి. తర్వాత బకెట్‌లో ముంచి, గుడ్డలోంచి పాలు వచ్చేదాకా పిండండి. తూములోకి ముద్ద పోకుండా మూట కాపాడుతుంది, ఒళ్లు తుడుచుకోవడానికీ అదే పనికొస్తుంది. నీళ్ల వేడి మణికట్టు లోపలి వైపు పోసి చూసుకోవాలి. వేడిగానూ చల్లగానూ అనిపించకపోతే సరిగ్గా ఉన్నట్టు. చలిలో ఇది చప్పగా అనిపిస్తుంది, ఒప్పుకుంటాను. తలుపు, కిటికీ మూసి గదిలోకి గాలి రాకుండా చేస్తే బాపు సర్దుకున్నారు.

ఒంటి మీద ముందు రెండు చెంబులు పోసుకుని, మూటతో చేతులు, పిక్కలు, నడుము మెల్లగా ఒత్తుతూ పోవాలి. రుద్దవద్దు. ఐదు నిమిషాలు అలాగే ఉండి, ఓట్స్ నీళ్లు మరో రెండు చెంబులు పోసుకోవాలి. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు మాత్రమే. బోరు నీళ్లలో లవణాలు ఎక్కువైన చోట సబ్బు సరిగా నురుగు రాక, తెల్లటి మడ్డిలా ఒంటికి అంటుకుంటుంది, ఆ మడ్డి కూడా దురద పెంచుతుంది. మొత్తం స్నానం పది నిమిషాలు దాటనివ్వవద్దు. చివర మామూలు నీళ్లతో కడగాల్సిన పని లేదు, ఆ పలుచని పొర ఉండటమే మనకు కావలసింది.

నేల గురించి మళ్లీ చెబుతున్నాను. ఓట్స్ నీళ్లు పడిన బండలు నూనె పడినట్టు జారుతాయి. పెద్దవాళ్లకు పీట వేసి కూర్చోబెట్టండి, కింద రబ్బరు చాప పరవండి. వాళ్లు లేచే ముందు మామూలు నీళ్లు పోసి నేల కడగండి.

స్నానం తర్వాతి మూడు నిమిషాలు

మెత్తని తువ్వాలుతో అద్దుకోవాలి. ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, మూడు నిమిషాల లోపు, లేపనం రాయాలి. ఓట్స్ తెచ్చిన తడి ఆరిపోకుండా మూత పెట్టినట్టు అన్నమాట. పెట్రోలియం జెల్లీ చవక, బాగా పని చేస్తుంది. కొబ్బరి నూనె అయినా మంచిదే. వాసన కలిపినవి వద్దు. తువ్వాలుతో ఒళ్లంతా ఆరబెట్టి, బట్టలు వేసుకుని, అరగంట తర్వాత రాస్తే సగం ఫలితమే వస్తుంది. మా ఇంట్లో జెల్లీ డబ్బా స్నానాల గదిలోనే గూట్లో ఉంటుంది.

ఇక్కడ మా నాయనమ్మ పెట్టిన నలుగు గుర్తుకొస్తుంది. ముందు ఒళ్లంతా నువ్వుల నూనె పట్టించి, అది ఇంకాక సున్నిపిండితో నలిచేది. నూనె లేకుండా పిండి పెట్టడం ఆమె ఎరగదు. మనం తొందరలో నూనె వదిలేసి పిండి మాత్రం ఉంచుకున్నాం. పొడి చర్మం మీద పొడి పెసరపిండి రుద్దితే ఉన్న కొవ్వు కూడా ఊడిపోతుంది. ఓట్స్‌తోనూ అంతే. పిండికి తోడు నూనె ఉండాలి, వరస ఒక్కటే మారింది.

చేతులు, ముఖం

మిర్చి కోతల కాలంలో, వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు కాయ వచ్చే రోజుల్లో, ఊళ్లో ఆడవాళ్ల చేతులు చూస్తే బాధేస్తుంది. చపాటా కాయ రంగు ఎక్కువ, ఘాటు తక్కువ కాబట్టి కొంత నయం. తేజ కాయ ఏరిన చేతులు రాత్రంతా మండుతాయి. మంట పుట్టించే క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి ముందు వంటనూనె రాసి, గుడ్డతో తుడిచేసి, తర్వాత సబ్బుతో కడగాలి. ఓట్స్ వంతు ఆ తర్వాతే. చల్లని ఓట్స్ నీళ్ల గిన్నెలో పది నిమిషాలు చేతులు ముంచి ఉంచితే పొడిబారిన చర్మానికి ఊరట. ఓట్స్ కారాన్ని తీయలేవు, నూనె మెట్టు దాటవేయవద్దు. పని మొదలుపెట్టే ముందే చేతి తొడుగులు వేసుకోగలిగితే ఇవేవీ అవసరం పడవు.

ముఖానికి రెండు చెంచాల పొడి, గోరువెచ్చని నీళ్లు, అంతే. పల్చటి పేస్టులా రాసి, ఆరి బిగుసుకోక ముందే, ఎనిమిది పది నిమిషాలకు కడిగేయాలి. నిమ్మరసం కలపవద్దు, చర్మం మండుతుంది. మొటిమల మందుల వల్ల ముఖం పొట్టు లేస్తున్నవాళ్లకు ఇది హాయినిస్తుంది. ఓట్స్ రంగు తెల్లబరుస్తాయని ఎవరు చెప్పినా నమ్మవద్దు. చామనఛాయ జబ్బు కాదు, దానికి మందూ అక్కరలేదు. మిగిలిన పేస్టును దాచవద్దు. నీళ్లు తగిలిన ఓట్స్‌లో సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఏ రోజుది ఆ రోజే. ఇంట్లో ఓట్స్ క్రీము చేసి నెలల తరబడి దాచుకోమనే సలహాలనూ ఇదే కారణంతో పక్కన పెట్టండి.

దుకాణంలో కొనే లేపనాలు

ఇంట్లో పొడి స్నానానికి సరిపోతుంది. రోజంతా ఒంటి మీద ఉండే లేపనం మాత్రం కొనడమే మంచిది. సీసా మీద ఓట్స్ కంకి బొమ్మ చూసి కొనవద్దు, వెనక జాబితా చదవండి. కొలాయిడల్ ఓట్‌మీల్ అనో, అవీనా సటైవా కెర్నల్ ఫ్లోర్ అనో ఉంటే గింజ మొత్తాన్ని విసిరిన పొడి ఉందని అర్థం. అవీనా సటైవా అన్నది ఓట్స్ శాస్త్రీయ నామం. కెర్నల్ ఎక్స్‌ట్రాక్ట్ అంటే గింజ నుంచి తీసిన సారం, కెర్నల్ ఆయిల్ అంటే నూనె, బీటా గ్లూకాన్ విడిగా కలిపితే ఆ పేరుతోనే కనిపిస్తుంది. జాబితాలో ఎక్కువ పాళ్లున్నవి ముందు, తక్కువవి తర్వాత వస్తాయి. మంచి లేపనాల్లోనూ ఓట్‌మీల్ ఒక శాతం దగ్గరే ఉండవచ్చు, కాబట్టి మధ్యలో కనిపించినా కంగారు అక్కరలేదు. పరిమళ ద్రవ్యాల తర్వాత అట్టడుగున ఉంటే మాత్రం అది పేరుకే. గ్లిజరిన్, సెరమైడ్లు, పెట్రోలియం జెల్లీ కూడా ఉన్నదైతే చలికాలానికి బాగుంటుంది.

ఓట్స్‌తో పోని దురదలు

మన దగ్గర ఏ దురదనైనా తామర అనేస్తాం. ఇందులోనే ప్రమాదం ఉంది. గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి, మధ్యలో మానినట్టు కనిపిస్తూ పెరిగే మచ్చే అసలు తామర, అది బూజు జాతి సూక్ష్మజీవుల పని. వేళ్ల సందుల్లో పొక్కులు, రాత్రుళ్లు ఎక్కువయ్యే దురద, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి అంటుకోవడం గజ్జి లక్షణాలు. రెంటికీ వేర్వేరు మందులున్నాయి, ఓట్స్ వాటిని తగ్గించలేవు. ఊరట ఇచ్చి ఆలస్యం చేస్తాయి, ఆ ఆలస్యంలో జబ్బు ముదురుతుంది.

బాపుకు మొదట్లో ఒక మందుల దుకాణంలో చీటీ లేకుండానే ఒక ట్యూబు ఇచ్చారు. రాసిన రెండో రోజుకే దురద మాయం, ఆపగానే రెట్టింపు. తర్వాత తెలిసింది, అందులో గాఢమైన స్టెరాయిడ్ ఉందని. వైద్యులు చూసి, ఇన్ని రోజులని చెప్పి ఇస్తే అది మంచి మందే. చెప్పేవారు లేకుండా నెలల తరబడి రాస్తే చర్మం కాగితంలా పలుచబడుతుంది, తామర మీద రాస్తే అది పైకి మాసిపోయి లోలోపల పాకుతుంది. అలాంటి ట్యూబు ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఉన్నట్టుండి ఆపి ఓట్స్‌కు మారవద్దు, ఆ ట్యూబు పట్టుకుని చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి.

ఇంకో మాట. పెద్దవాళ్లకు ఒంటి మీద ఏ దద్దూ లేకుండా వారాల తరబడి దురద ఉంటే చక్కెర, మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. పొడి చర్మం అనుకుని ఊరుకోకూడదు.

ఎన్నాళ్లు చూడాలి

మొదటి స్నానానికే కొంత హాయి తెలుస్తుంది, అది గంటల్లో పోతుంది కూడా. చర్మం నిజంగా మెత్తబడటానికి మాకు రెండు వారాలు పట్టింది. ఓట్స్ స్నానం వారానికి మూడు సార్లు, లేపనం రోజూ రెండు పూటలా. నాలుగో వారంలో బాపు పిక్క మీద వేలితో గీసి చూశాను, గీత పడలేదు. రెండు వారాలు క్రమం తప్పకుండా చేసినా దురద తగ్గకపోతే, నిద్ర చెడగొడుతుంటే, పగుళ్లలోంచి రక్తం లేదా చీము కనిపిస్తే మూట పక్కన పెట్టి వైద్యులకు చూపించండి. మాఘం వెళ్లాక గాలి వేడెక్కుతుంది, అప్పుడు మూట ఆపి లేపనం ఒక పూటకు తగ్గించవచ్చు. మేము శివరాత్రికి ఆపుతాం.